పామాయిల్ తోట కూడా పచ్చగానే ఉంటుంది కదా, దాన్ని అడవి అని ఎందుకు అనరు?

సాధనలో_ఉన్నాను · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. వర్షారణ్యాల పాఠం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. పుస్తకంలో ఒక పేజీలో అడవి నిర్మాణమని నాలుగు అంతస్తుల బొమ్మ ఇచ్చారు. అన్నిటికంటే పైకి పొడుచుకొచ్చిన మహావృక్షాలు, వాటి కింద పందిరి, పందిరి కింద పొట్టి చెట్లు, అడుగున నేల. తర్వాతి పేజీలో అడవుల నిర్మూలనకు కారణాలు: పోడు, కలప, తోటలు, గనులు, రోడ్లు, జనాభా. ఈ రెండు పేజీలకూ సంబంధం ఏమిటో ఎక్కడా రాయలేదు.

నా గదిలో ఉండే మిత్రుడిది పామాయిల్ పండించే కుటుంబం. మలేషియా, ఇండోనేషియా, బ్రూనై దేశాలు పంచుకున్న బోర్నియో దీవిలో అడవులు కొట్టి పామాయిల్ వేశారన్న వాక్యం చదివి వినిపించాను. అతను అడిగాడు: "చెట్టు తీసి చెట్టే పెట్టారు కదా? మా తోటలోకి వెళితే మిట్టమధ్యాహ్నం కూడా నీడే. దాన్ని నాశనం అని ఎలా అంటారు?" నాకు జవాబు తోచలేదు. తెలిసినవారు చెప్పగలరా?

---

వనజ్యోత్స్న · ఆదివారం, రాత్రి 10:40

నేను తిరుపతిలో వృక్షశాస్త్రం బోధిస్తాను. మీ మిత్రుడి ప్రశ్న మంచి ప్రశ్న. దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ముందు ఆ నాలుగు అంతస్తుల బొమ్మ సంగతి చూద్దాం. అది తప్పు కాదు కానీ, దాన్ని చూస్తే అడవి ఒక మేడ అనిపిస్తుంది. ఎవరి అంతస్తులో వారు స్థిరంగా కాపురం ఉంటారనిపిస్తుంది. నిజానికి అది ఎదురుచూసేవారి వరుస. బోర్నియోలో పై అంతస్తును ఏలేది డిప్టెరోకార్ప్ కుటుంబం. రెక్కల గింజలున్న చెట్లు. అక్కడి మలేషియా భాగంలో ఉన్న సబా రాష్ట్రంలోని డానుమ్ లోయలో ఆ కుటుంబపు చెట్టు ఒకటి 100.8 మీటర్ల ఎత్తు ఉంది. ఉష్ణమండలంలో ఇప్పటివరకు కొలిచిన వాటిలో అదే అతి ఎత్తైనది. ఈ చెట్లు ఏటా పూయవు. కొన్నేళ్లు నిశ్శబ్దంగా ఉండి, ఒక ఏడాది వందల జాతులు ఒకేసారి పూసి, ఒకేసారి కాస్తాయి. అడవిపందులు, చిలుకలు, పురుగులు తిన్నన్ని తిన్నా ఇంకా మిగిలేటన్ని గింజలు రాలతాయి.

రాలిన గింజ ఆగదు, కొద్ది రోజుల్లోనే మొలకెత్తుతుంది. అక్కడ నేల మీదికి చేరే వెలుతురు నూటికి ఒకటి రెండు వంతులే. ఆ మసకలో జానెడు మొక్క ఏళ్ల తరబడి పెరగకుండా, చావకుండా నిలబడుతుంది. ఎప్పుడో ఒక ముసలి చెట్టు కూలి ఆకాశం తెరుచుకుంటే, ఆ మొక్క పైకి పరుగెడుతుంది. మీ బొమ్మలో 'పొట్టి చెట్లు' అని రాసిన అంతస్తులో నిజంగా పొట్టివైన జాతులు ఉన్నాయి, పొడవు కావలసిన పిల్లలూ ఉన్నాయి.

ఇక తోట సంగతి. పామాయిల్‌ను తొమ్మిది మీటర్ల ఎడంతో, హెక్టారుకు 143 మొక్కలు పెడతారు. అన్నీ ఒకే జాతి, ఒకే వయసు. పాతికేళ్లు దాటాక అన్నీ ఒకేసారి తీసేస్తారు. బోర్నియోలోనే ఉన్న మరో మలేషియా రాష్ట్రం సరవాక్‌లోని లంబీర్ కొండల్లో శాస్త్రవేత్తలు 52 హెక్టార్ల అడవిని గుర్తుపెట్టి, వేలెడు మందం దాటిన ప్రతి కాండాన్నీ లెక్కించారు. దాదాపు 1,200 జాతులు, మూడున్నర లక్షల కాండాలు. తోటలోనూ నీడ ఉంటుంది, నిజమే. ఆ నీడలో ఎదురుచూసేవారు లేరు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తన అటవీ లెక్కల్లో రబ్బరు తోటలను కలుపుకుంటుంది కానీ పామాయిల్ తోటలను కలుపుకోదు. పరీక్షలో ఇది పనికొస్తుంది.

---

పెరాక్_తెలుగు · సోమవారం, ఉదయం 6:55

మలేషియా నుంచి రాస్తున్నాను. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పెరాక్‌లో తోట పనికి వచ్చారు. మాకు తోట అంటే ఊరు, బడి, గుడి, శ్మశానం అన్నీ. ముందు కొబ్బరి, రబ్బరు. తర్వాత పామాయిల్. 1981లో కామెరూన్ నుంచి ముక్కు పురుగును తెచ్చి వదిలేదాకా ఇక్కడ పామాయిల్ పువ్వులకు పరాగాన్ని చేత్తో అద్దవలసి వచ్చేది. మా అమ్మ ఆ పని చేసింది. ఆఫ్రికా చెట్టు వచ్చింది కానీ దాని పురుగు రాలేదు, ఆ లోటును ఆడవాళ్ల చేతులు తీర్చాయి. వనజ్యోత్స్న అమ్మగారు చెప్పిన 'ఒకే జాతి' అన్న మాటకు నా ఇంట్లో దొరికిన అర్థం అది.

నేను ఎనభైలలో సరవాక్‌లో కలప రోడ్ల సర్వే బృందంలో ఆరేళ్లు పనిచేశాను. కాబట్టి ఆ రెండు పేజీల మధ్య సంబంధం నేను చెబుతాను.

అమెజాన్‌లో అమ్ముడుపోయే చెట్లు అడవిలో చెదురుమదురుగా ఉంటాయి. బోర్నియోలో అలా కాదు. పెద్ద చెట్లలో ఎక్కువ భాగం ఒకే కుటుంబం. పదుల జాతులు 'మెరాంటి' అన్న ఒకే పేరుతో ఒకే సంతలో అమ్ముడుపోతాయి. కాండం నిటారుగా, కొమ్మ లేకుండా ముప్పై మీటర్లు లేస్తుంది. కలప తేలిక, నదిలో తేలుతుంది. హెక్టారు నుంచి వంద ఘనపు మీటర్ల దాకా తీసిన చోట్లున్నాయి. ఆ అడవి పై అంతస్తు ఎంత గొప్పదో, దానికి అంత ఆపద. నిర్మాణమే కారణమైంది. ఆ కలపలో చాలా భాగం జపాన్‌కు పోయి ప్లైవుడ్ అయ్యింది. కాంక్రీటు పోయడానికి అచ్చుపలకగా రెండు మూడుసార్లు వాడి పారేశారు.

రోడ్డు వేసేటప్పుడు మాకిచ్చిన గీత కొండ అంచు వెంబడి ఉండేది. ఒక్క పెద్ద చెట్టు కోసం బుల్డోజరు లోయలోకి దిగేది. ఆ చెట్టు పడేటప్పుడు తీగలతో కట్టిపడేసిన పక్క చెట్లను లాక్కుని పడేది. బుల్డోజరు వెళ్లిన దారిలో, అమ్మగారు చెప్పిన జానెడు మొక్కలన్నీ మట్టి అయిపోయేవి. వాన పడితే బరామ్ నది ఎర్రగా పారేది. 1987లో ఆ అడవినే నమ్ముకుని బతికే పెనాన్ ఆదివాసులు ఆ రోడ్లకు అడ్డంగా వెదురు కంచెలు కట్టి కూర్చున్నారు. అప్పుడు నాకు పాతికేళ్లు. వాళ్లు ఎందుకు కూర్చున్నారో నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతుంది.

తర్వాత జరిగేది కాగితం పని. మొదటిసారి కొట్టాక అడవి కోలుకోవడానికి దశాబ్దాలు కావాలి. అంత ఆగకుండా రెండోసారి, మూడోసారి వస్తారు. అప్పుడు దానికి 'క్షీణించిన అడవి' అని పేరు పెడతారు. ఎలాగూ క్షీణించింది కదా అని తోటకు ఇస్తారు. పామాయిల్ వచ్చేసరికి రోడ్డు ఎప్పుడో సిద్ధంగా ఉంది.

1973లో బోర్నియోలో నాలుగింట మూడు వంతులు అడవే, దాదాపు 5,58,000 చదరపు కిలోమీటర్లు. 2010 నాటికి అందులో 1,68,000 చదరపు కిలోమీటర్లు పోయింది. ఉపగ్రహ చిత్రాల్లో లెక్కపెట్టిన కలప రోడ్ల పొడవు 2,70,000 కిలోమీటర్ల పైమాటే. అందులో కొన్ని కిలోమీటర్లు నా చేతితో గీసినవి.

---

గెలలతోట · సోమవారం, మధ్యాహ్నం 2:30

నేను ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతంలో పద్దెనిమిది ఎకరాల పామాయిల్ రైతును. ఇలాంటి చర్చలు చదివినప్పుడల్లా మనసు కష్టపడుతుంది. మేము ఏ అడవినీ కొట్టలేదు. మా భూమిలో ముందు పొగాకు, ఆ తర్వాత మొక్కజొన్న. కూలీలు దొరక్క, ధర నిలవక పామాయిల్‌కు వచ్చాం. పెదవేగిలో కేంద్ర పరిశోధన సంస్థ ఉంది, వాళ్లు చెప్పినట్టే పెట్టాం.

ఇంకో మాట. హెక్టారు పామాయిల్ మూడు నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. వేరుశనగ, సోయా, ఏది తీసుకున్నా టన్ను కూడా రాదు. పామాయిల్ మానేయమంటే అంత నూనె కోసం ఇంకెన్ని రెట్ల భూమి దున్నాలి? దేశానికి నూనె కావాలి, మేము పండిస్తున్నాం. దీంట్లో మా తప్పేమిటో చెప్పండి.

---

వనజ్యోత్స్న · సోమవారం, సాయంత్రం 6:05

మీ తప్పేమీ లేదండీ. పొగాకు పొలంలో పామాయిల్ వేయడం, వర్షారణ్యం నరికి పామాయిల్ వేయడం ఒకటి కాదు. పొగాకు పొలం కంటే మీ తోటలో నీడ ఎక్కువ, ఆకు ఎక్కువ, బహుశా పక్షులూ ఎక్కువే. తోట మంచిదా చెడ్డదా అన్నది అంతకుముందు అక్కడ ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. నూనె దిగుబడి గురించి మీరన్నదీ నిజం.

నాకు భయమల్లా వేరే చోట. 2021లో మొదలైన జాతీయ పామాయిల్ మిషన్ దేశంలో సాగును 10 లక్షల హెక్టార్లకు చేర్చాలంది. అందుకోసం కొత్తగా పెంచాల్సిన విస్తీర్ణంలో సగం ఈశాన్య రాష్ట్రాలకు కేటాయించారు. అక్కడి కొండల కింద మిగిలినవి మన దేశపు చివరి వర్షారణ్యాల్లో కొన్ని. ఏలూరు లెక్కను అరుణాచల్‌కు అతికించకూడదు.

మీ తోటలో కోకో అంతరపంటగా ఉందా?

---

గెలలతోట · సోమవారం, రాత్రి 8:15

ఉందండీ, ఆరు ఎకరాల్లో. ఎందుకు అడిగారు?

---

వనజ్యోత్స్న · సోమవారం, రాత్రి 8:50

కోకో అమెజాన్ ఎగువ ప్రాంతపు చెట్టు. అక్కడ అది కింది అంతస్తులో, పెద్ద చెట్ల నీడలో బతుకుతుంది. అందుకే మీ పామాయిల్ కింద హాయిగా పెరుగుతోంది. దాని పువ్వుకు పరాగం చేర్చేది గింజంత కూడా లేని ఒక దోమలాంటి ఈగ. ఆ ఈగ కుళ్లిన ఆకుల్లో, కాయ తొక్కల్లో గుడ్లు పెడుతుంది. తోట శుభ్రంగా ఉండాలని ఆకు చెత్తంతా ఊడ్చేస్తే కాపు తగ్గుతుంది. అంటే మీ ఆరు ఎకరాల్లో వర్షారణ్యపు రెండు అంతస్తులు, ఒక నేల పొర ఇప్పటికే ఉన్నాయి. మీరు వాటిని అనుభవంతో ఎరుగుదురు. బోర్నియో అడవిలో ఇలాంటి జతలు కొన్ని వేలు ఉంటాయి. చాలావాటిని ఇంకా ఎవరూ గమనించనే లేదు.

పందిరి పైన ఏముందో ఒక్క ఉదాహరణ చెబుతాను. కొమ్మల కూడలిలో పక్షిగూడు ఆకారంలో ఒక ఫెర్న్ పెరుగుతుంది. పైనుంచి రాలే ఆకులను గిన్నెలా పట్టుకుని, అక్కడే మట్టి చేసుకుని, దానిలోనే వేళ్లు దించుతుంది. డానుమ్ లోయలో వీటిని కిందికి దించి చూస్తే, ఒక్కొక్కటి 200 కిలోల దాకా తూగింది. పందిరిలో ఉన్నాయనుకున్న పురుగుల లెక్క దాదాపు రెట్టింపు చేయవలసి వచ్చింది. నేలకు నలభై మీటర్ల ఎత్తున ఇంకొక నేల ఉందన్నమాట. మన బొమ్మలో ఆ అంతస్తు లేదు.

తెలుగువారికి ఈ అడవితో పాత పరిచయమే ఉంది. శ్రీవారి గడ్డానికి అద్దే పచ్చకర్పూరం ఒకప్పుడు బోర్నియో, సుమత్రాల్లోని ఒక డిప్టెరోకార్ప్ చెట్టు కాండంలోంచే వచ్చేది. ఇప్పుడు దొరికేది ఎక్కువగా కర్మాగారంలో చేసినదే. అదే కుటుంబపు చుట్టాలు జాలారి, తంబ జాలారి మా శేషాచలం కొండల మీద ఉన్నాయి. అవి ఎండకు ఓర్చుకున్న పొట్టి చుట్టాలు.

---

సాధనలో_ఉన్నాను · సోమవారం, రాత్రి 11:20

చాలా ధన్యవాదాలు. రెండు సందేహాలు. పుస్తకంలో కారణాల్లో మొదట పోడు వ్యవసాయం రాశారు. మీరెవరూ దాని పేరే ఎత్తలేదు. రెండోది, ప్రపంచపు ఆక్సిజన్‌లో 20 శాతం వర్షారణ్యాల నుంచే వస్తుందని రాసుకున్నాను. సరేనా?

---

పెరాక్_తెలుగు · మంగళవారం, ఉదయం 7:10

తమ్ముడూ, పోడు గురించి కళ్లారా చూసింది చెబుతాను. సరవాక్‌లో ఇబాన్, కయాన్ అనే ఆదివాసుల ఊళ్లలో కొండ వరి వేస్తారు. ఒక కుటుంబానికి ఒకటి రెండు హెక్టార్లు. ఒక పంట తీసి వదిలేస్తారు. పదేళ్లకో పదిహేనేళ్లకో మళ్లీ అదే చోటికి వస్తారు. మహావృక్షాలను కొట్టడం గొడ్డలితో వారాల పని, అందుకే ఎక్కువగా పాత పోడు మీద పెరిగిన లేత అడవినే కొడతారు. చుట్టూ పెద్ద అడవి ఉంది కాబట్టి ఆ ఖాళీలోకి గింజలు తీసుకొచ్చే హార్న్‌బిల్ పక్షులు, గబ్బిలాలు ఉన్నాయి. జనం పెరిగి, విశ్రాంతి ఏళ్లు తగ్గిన చోట నష్టం ఉంటుంది, కాదనను. కానీ నేను పనిచేసిన రోజుల్లో కలప దొరలందరూ పొగ చూపించి 'అదిగో పోడు' అనేవారు. ఒక నెలలో మా రోడ్డు తిన్నది ఒక ఊరు ఏళ్ల తరబడి తినలేదు. మీ జవాబులో పోడును మొదట రాయకండి.

---

వనజ్యోత్స్న · మంగళవారం, ఉదయం 9:30

ఆక్సిజన్ మాట కొట్టేయండి. పగలు ఆకులు విడిచే ఆక్సిజన్‌ను చెట్ల శ్వాస, కుళ్లే ఆకులు, శిలీంధ్రాలు, చెదలు దాదాపు పూర్తిగా వాడేసుకుంటాయి. పెరిగి నిలిచిన అడవి ఇచ్చే నికర ఆక్సిజన్ దాదాపు సున్నా. దాని విలువ దాచుకున్న కార్బన్‌లో, గాలిలోకి తిరిగి పంపే నీటిలో, కింద నిలిపే చల్లదనంలో ఉంది. సబాలో కొలిచినప్పుడు, పాత అడవి లోపలి కంటే పామాయిల్ తోటలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలకు పైగా ఎక్కువ కనిపించింది. మీ మిత్రుడికి తోటలో నీడ చల్లగానే అనిపించి ఉంటుంది, బయట ఎండ పొలంతో పోల్చుకుంటున్నాడు కాబట్టి.

ఇంకొకటి, పుస్తకాలు సరిగ్గా చెప్పనిది: అక్కడి నేల సారవంతం కాదు. కోట్ల ఏళ్లుగా వాన కడిగిన ఎర్రమట్టి. పోషకాలన్నీ బతికున్న చెట్లలో, వేళ్లకు అంటుకున్న శిలీంధ్రాల్లో తిరుగుతుంటాయి. ఆకు రాలితే నెలల్లోనే మళ్లీ వేరులోకి వెళుతుంది. అడవిని తగలబెడితే ఆ బూడిద రెండు మూడు పంటలకు సరిపోతుంది. ఆ తర్వాత సంచుల ఎరువే దిక్కు.

---

రేవుగాలి · మంగళవారం, సాయంత్రం 5:45

కాకినాడ నుంచి. రేవు దగ్గర నూనె ట్యాంకుల్లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీరందరూ చెప్పే ఆ నూనె ఇక్కడే దిగుతుంది. ముడి పామాయిల్ గడ్డకట్టకుండా ఓడల్లో వేడి చేస్తూ తెస్తారు. గొట్టం చల్లబడితే పని ఆగిపోతుంది. ప్రపంచంలో పామాయిల్ ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం మనది. ఏటా 80, 90 లక్షల టన్నులు. దుకాణంలో పామోలిన్ ప్యాకెట్టుగా, మిఠాయి కొట్లో బాణలిలో, బిస్కెట్లో, సబ్బులో అది అందరి ఇళ్లకూ చేరుతుంది. పేదవాడు కొనగలిగిన నూనె అదే. నేను దాన్ని తిట్టలేను.

2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా మూడు వారాలపైన ఎగుమతి ఆపేసింది. ఆ రోజుల్లో ఇక్కడ ట్యాంకులు ఖాళీగా మోగేవి. బజారులో నూనె ధర మండిపోయింది. అంత దూరంలో ఒక ప్రభుత్వం సంతకం పెడితే మా వీధిలో గారెలు వేసే ఆమె బండి మూసుకుంది. ఆ దీవులు మన వంటింటికి ఎంత దగ్గరో అప్పుడు తెలిసింది.

---

గెలలతోట · మంగళవారం, రాత్రి 7:55

అదే సమయంలో మాకు గెలల ధర టన్ను 20 వేలు దాటింది. ఎప్పుడూ చూడని ధర. ఆ సంతోషంలో ఇంకో నాలుగు ఎకరాలు పెట్టాను. రేవుగాలి గారి మాట చదివాక ఆ ఏడాదిని వేరుగా గుర్తు చేసుకుంటున్నాను.

పెరాక్ అన్నగారూ, ఇండోనేషియాలో తగలబెట్టారని, పొగ సింగపూర్ దాకా వచ్చిందని టీవీలో చూశాం. తడి అడవి ఎలా అంటుకుంటుంది? మా తోటలో వాన పడితే ఎండు మట్టలు కూడా మండవు.

---

పెరాక్_తెలుగు · బుధవారం, ఉదయం 6:40

అన్నయ్యా, అంటుకునేది చెట్టు కంటే ముందు నేల. బోర్నియో తీరం వెంబడి చాలా చోట్ల నేలంటే మట్టి కాదు. వేల ఏళ్లుగా నీళ్లలో మునిగి, కుళ్లకుండా పేరుకున్న ఆకూ వేరూ కొమ్మా. పీట్ అంటారు. కొన్నిచోట్ల పది మీటర్ల లోతు. నీళ్లున్నంత కాలం దానికి నిప్పు అంటదు.

1996లో ఇండోనేషియాలోని సుహార్తో ప్రభుత్వం, బోర్నియోలో తమ భాగమైన కలిమంతన్ మధ్య ప్రాంతంలో అలాంటి పది లక్షల హెక్టార్లను వరి పొలాలు చేస్తామని బయలుదేరింది. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. నీళ్లు దిగిపోయాయి. వరి పండలేదు. మరుసటి ఏడాదే ఎల్ నినో కరువు వచ్చింది, ఎండిన పీట్ అంటుకుంది. ఆ నిప్పు నేల లోపల పాకుతుంది. పైన ఆర్పితే పక్కన లేస్తుంది. వాన వస్తేనే ఆరుతుంది. తర్వాత పథకాన్ని ఆపేశారు కానీ కాలువలు అలాగే ఉన్నాయి. 2015లో ఇండోనేషియా అంతటా కాలిన నేల 26 లక్షల హెక్టార్లు. ఆ అక్టోబరులో మా ఊళ్లో కూడా బడులు మూశారు. మనవరాలి దగ్గు రాత్రంతా వింటూ కూర్చున్నాను.

ఒక మంచి మాట కూడా రాయాలి. కౌలాలంపూర్ పక్కన కెపాంగ్‌లో అటవీ పరిశోధన సంస్థ ఉంది. ఒకప్పుడు అది తగరం గనులు తవ్వి వదిలేసిన బీడు. 1920ల చివర అక్కడ మొక్కలు పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు వెళ్లి పైకి చూస్తే, అమ్మగారు చెప్పిన ఆ కర్పూరపు చెట్ల తలలు ఒకదాన్నొకటి తాకకుండా, మధ్యలో సన్నటి వాగుల్లా ఆకాశం కనిపిస్తుంది. వందేళ్లు పట్టింది. దగ్గర్లో తల్లి అడవి ఉండి, గింజలు తెచ్చి, నీడ మొక్కల కింద పెంచారు కాబట్టి అయింది. నేను ఏడాదికి ఒకసారైనా వెళతాను.

---

సాధనలో_ఉన్నాను · బుధవారం, రాత్రి 10:05

మిత్రుడికి ఇదంతా చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్నకు కూడా వినిపించు" అన్నాడు. జవాబు మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను. నిర్మాణం, కారణాలు అని రెండు భాగాలు చేయడం లేదు. ఒక మెరాంటి గింజ రాలడంతో మొదలుపెట్టాను.

---

గెలలతోట · గురువారం, ఉదయం 5:50

అమ్మా, వనజ్యోత్స్న గారూ. మా తోట చివర వాగు గట్టు వెంబడి అర ఎకరం ఉంది. అక్కడ పామాయిల్ సరిగా కాయడం లేదు, నీళ్లు నిలుస్తాయి. ఆ వరస తీసేద్దామనుకుంటున్నాను. అక్కడ రకరకాల చెట్లు పెడితే ఏవి బతుకుతాయి? నేరేడు గింజలు దాచిపెట్టి చల్లితే మొలవలేదు, రెండుసార్లు చూశాను.

---

వనజ్యోత్స్న · గురువారం, ఉదయం 8:20

నేరేడు గింజ ఎండితే చచ్చిపోతుందండీ. అది కూడా ఆ వర్షారణ్యపు గింజల తరహాదే, దాచుకోవడానికి పనికిరాదు. పండు తిన్న వారం లోపు, తడి ఆరకముందే నాటాలి. జూన్‌లో పండ్లు రాలేటప్పుడు సంచుల్లో పెట్టి, పామాయిల్ నీడలోనే ఒక ఏడాది ఉంచండి. నీళ్ల అంచున తెల్లమద్ది, కానుగ. కొంచెం పైన నేరేడు, మేడి. మేడి పెడితే పక్షులు మిగతావి అవే తెస్తాయి. పాత చెట్లను ఒకేసారి తీయకండి, నీడ కోసం ఒకటి విడిచి ఒకటి ఉంచండి. వాగులో వేసవిలో నీళ్లుంటాయా, ఎండిపోతుందా? అది చెబితే ఇంకో రెండు మూడు పేర్లు రాస్తాను.